కటిక పాండిత్యం

విష్ణుమూర్తికి వెయ్యి నామాలు సరిపోయాయి. అమెరికా చదువుకి రాసే జీఆర్ఈ పరీక్ష కోసం బేరన్స్ వారు వేసిన పుస్తకానికి 3,500 మాటలు కావలసి వచ్చాయి. ఆ వెయ్యీ చదివితే వైకుంఠం అన్నారు గానీ వెళ్లి చూసి వచ్చినవాడు లేడు. ఈ 3,500 చదివితే టెక్సాస్ అన్నారు. అక్కడికి వీధికొకడు వెళ్లి కూచున్నాడు. ఏ పారాయణానికి ఫలశ్రుతి గట్టిదో మా కాలం పిల్లలు ఇట్టే తేల్చుకున్నారు.

అప్పట్లో అమీర్‌పేట మైత్రీవనం దగ్గర తెల్లవారుజామున టీ బండి చుట్టూ ఇదే గొణుగుడు. అబేస్ అంటే కించపరచు, అబాష్ అంటే సిగ్గుపరచు, అబేట్ అంటే తగ్గు. ఆ భక్తబృందంలో నేనూ ఒకణ్ని. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద సగం ధరకి కొన్న పుస్తకం నాది. ఎవరైనా 'ఏ' దగ్గరే మొదలుపెడతారు కదా. 'బి'కి వచ్చేసరికి జ్వరం, 'సి'లో సెమిస్టర్ పరీక్షలు, 'డి'లో అక్క పెళ్లి. అన్నీ అయ్యాక చూస్తే నేర్చినదంతా ఆవిరి, మళ్లీ 'ఏ'. అందుకే తెలుగునాట 'ఏ' అక్షరంలో మహామహోపాధ్యాయులు ఉన్నారు. 'ఎం' దాటితే అందరం మూగవాళ్లమే.

మా సారు ప్రతి మాటకీ ఒక కిటుకు చెప్పేవారు. పెన్యూరియస్ అంటే పెన్ను కూడా అరువివ్వనివాడు, అనగా పిసినారి. ఒప్పుకుంటాను, ఇన్నేళ్ల తర్వాత కూడా గుర్తుంది. పారగాన్ అంటే ఆదర్శమూర్తి అన్నప్పుడు మాత్రం క్లాసంతా వంగి బల్లల కింద తమ చెప్పుల వైపు చూసుకుంది.

కిటుకు దొరకని మాటలకి అర్థమే దిక్కు. ఆబ్డ్యురేట్ అంటే ఆబ్‌స్టినేట్. ఆబ్‌స్టినేట్ అంటే స్టబ్బర్న్. స్టబ్బర్న్ అంటే ఆబ్డ్యురేట్. గానుగెద్దు ఇన్నిసార్లు తిరిగితే కాసింత నూనైనా వస్తుంది. పక్కన పెన్సిల్‌తో 'మొండి' అని రాసుకుని, సారు చూస్తే తిడతారని చెరిపేసేవాళ్లం. ఇంగ్లిషు మాటని ఇంగ్లిషులోనే ఆలోచించాలట! ఈ విద్య మన కోచింగ్ సెంటర్లు కనిపెట్టిందేమీ కాదు. 1755లో శామ్యూల్ జాన్సన్ వేసిన మహా నిఘంటువులో నెట్‌వర్క్ అన్న మాటకి, అంటే ఉత్త వల అల్లికకి, ఇచ్చిన అర్థం చదివితే అందులో మాటల కోసం మళ్లీ అదే నిఘంటువు తిరగేయాలి. అయితే ఆయన మాటల కింద పెద్ద రచయితల వాక్యాలు గుమ్మరించాడు, పుస్తకం మొత్తం మీద లక్షకు పైగా. అర్థం బోధపడకపోయినా ఆ వాక్యాలు పట్టుకుని ఒడ్డెక్కవచ్చు.

జాబితా పుస్తకాల్లో దొరికేది ఒక్క వాక్యం. అది ఇలా ఉంటుంది: 'ఆయన గ్రెగేరియస్ మనిషి.' బాగుంది. అందులోంచి గ్రెగేరియస్ తీసేసి 'బట్టతల' పెట్టండి, సరిపోతుంది. 'దొంగ' పెట్టండి, ఇంకా బాగా సరిపోతుంది. ఏ మాట తగిలించినా వేలాడే ఈ వాక్యాన్ని మా బీరువాలో హ్యాంగరు అంటారు. పుస్తకంలో ఉదాహరణ అంటారు.

ఇలాంటి చదువులో ఉన్న ప్రమాదం ఇంగ్లిషులో మనకి కనబడదు కాబట్టి, తిప్పి చూద్దాం. ఒక దొర సరిగ్గా మన పద్ధతిలోనే తెలుగు నేర్చుకున్నాడనుకోండి. అతని కార్డు మీద ఇలా ఉంది: కటిక, విశేషణం, మిక్కిలి. ఉదాహరణ: కటిక చీకటి. దొర కంఠతా పట్టాడు. మన ఇంటికి భోజనానికొచ్చి, గోంగూర కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, చెమర్చిన కళ్లతో ఇంటావిడ వైపు తిరిగి, "అమ్మా, కటిక రుచి. మీరు కటిక మంచివారు" అన్నాడు. కార్డు ప్రకారం నూటికి నూరు మార్కులు. ఇంటావిడ మాత్రం మజ్జిగ పొయ్యకుండానే వంటింట్లోకి వెళ్లిపోయింది. కటిక అన్నది చీకటికి, నేలకి, దరిద్రానికి, ఉపవాసానికి అతుకుతుందని, రుచికీ మంచితనానికీ చచ్చినా అతకదని మనకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, వందసార్లు విన్నాం. గూగ్లీ అంటే ఏమిటో కూడా ఏ కార్డూ చెప్పలేదు, వికెట్ పడితే తెలిసింది. ఇంగ్లిషు మాట్లాడుతున్న మన బీటెక్ బాబు ఆ దొరకి తమ్ముడే. కాకపోతే అవతలివాళ్లు మొహమాటస్తులు, నవ్వి ఊరుకుంటారు.

మా బ్యాచ్‌లో 'జెడ్' దాకా పూర్తి చేసిన మహానుభావుడు ఒక్కడే. రిటైరవుతున్న ప్రొఫెసరు గారికి ఇంగ్లిషులో సన్మానపత్రం రాసే పని సహజంగానే వాడి మీద పడింది. ముప్పయ్యేళ్ల 'ఎగ్రీజియస్' సేవ అని రాశాడు. అచ్చు వేయించాం, ఫ్రేము కట్టించాం, వేదిక మీద చప్పట్ల మధ్య చదివించాం. అందరిలోకీ ప్రస్ఫుటంగా కనబడేది అని వాడి కార్డు మీద ఉంది మరి. పూర్వం అది పొగడ్తే. ఇప్పుడు మాత్రం కొట్టొచ్చినట్టు కనబడేంత ఘోరమైనది అని అర్థం. ప్రొఫెసరు గారు కళ్లద్దాలు తుడుచుకుని రెండోసారి చదువుకుని మరీ ఆనందించారు. ఆయనా అదే పుస్తకం చదివి ఉంటారు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. లాటిన్‌లో గ్రెక్స్ అంటే మంద. మందలో కలిసిమెలిసి ఉండేవాడు గ్రెగేరియస్. మందలోంచి బయటికొచ్చి నిలబడ్డవాడు ఎగ్రీజియస్. జనం మందగా చేరితే కాంగ్రిగేషన్. మునిసిపాలిటీ బండివాడు తడి చెత్తనీ పొడి చెత్తనీ విడదీయమంటాడే, అది సెగ్రిగేషన్. మన ఇళ్లలో పెళ్లిచూపుల దాకా వెంటపడే బీటెక్ ఆగ్రిగేట్ ఉంది చూశారూ, అదీ ఈ మందలో గొర్రే: అన్ని సెమిస్టర్ల మార్కుల్నీ ఒకే దొడ్లోకి తోలడం. గొర్రెలు కాసేవాడికి ఐదు నిమిషాల్లో బోధపడే సంగతి ఇది. జాబితావాళ్లు ఆ మందని కోసి, ఒక తొడ 'సి' దగ్గర, ఒక తలకాయ 'ఈ' దగ్గర, ఒక డొక్క 'జి' దగ్గర అక్షరక్రమంలో కొక్కేలకి తగిలించారు. అక్షరక్రమం పుట్టింది మాటని వెతుక్కోవడానికి. ఆ వరసలో నేర్చుకోవడం అంటే టెలిఫోన్ డైరెక్టరీ చదివి ఊళ్లో స్నేహాలు చెయ్యడం. ఈపాటి ఇంగితం అమరసింహుడికి ఉంది. అమరకోశం స్వర్గంతో మొదలుపెట్టి దేవతల్ని ఒకచోట, చెట్లని ఒకచోట, జంతువుల్ని ఒకచోట పెట్టింది. అదీ బట్టీయే, కాదనను. కనీసం శ్లోకం.

ఈ మాటల మోజు పరీక్షతోనే ఆగలేదు. 2017లో శశి థరూర్ గారు కోపంగా వేసిన ఒక ట్వీట్‌లో ఫరాగో అన్న మాట దొర్లింది. జనం నిఘంటువుల మీద పడ్డారు. లాటిన్‌లో అది పశువులకి పెట్టే కలగలుపు దాణా, మన గేదె తాగే కుడితికి దూరపు చుట్టం. 'నీ మాటలన్నీ కుడితి' అంటే మొరటు. ఫరాగో అంటే స్టేటస్.

విచిత్రం ఏమిటంటే, ఈ జబ్బు అంటించిన పరీక్షవాళ్లకే మనకన్నా ముందు సిగ్గేసింది. 2011 ఆగస్టులో జీఆర్ఈ నిర్వహించే ఈటీఎస్, ఒంటరి మాట ఇచ్చి వ్యతిరేకపదం అడిగే ప్రశ్నల్ని ఎత్తేసింది. వాక్యం చదివి ఖాళీ పూరించమంది. 2023 సెప్టెంబరులో పరీక్షనే రెండు గంటల లోపుకి కుదించింది. కరోనా తర్వాత అమెరికాలో చాలా యూనివర్సిటీలు అసలా స్కోరే అడగడం మానేశాయి. మన దగ్గర తపస్సు మాత్రం భగ్నం కాలేదు; పుస్తకం పోయి ఫోన్లోకి కార్డులొచ్చాయి. పిల్లవాడు చిలుకూరు గుడిలో 11 ప్రదక్షిణలు చేసి వీసా కోసం కాన్సులేట్ కిటికీ ముందు నిలబడితే, ఏ యూనివర్సిటీ, డబ్బెవరు కడుతున్నారు అని అడుగుతారు. ఈ రెంటికీ జవాబు చెప్పడానికి 3,500లో ఒక్క మాటా పనికిరాదు. ఒక నవల చదవరా అంటే టైము లేదంటాడు. టైముండి చదివితే గ్రెగేరియస్ ఎవరితో తిరుగుతుందో, ఎగ్రీజియస్ ఎవరిని కరుస్తుందో వాడికే తెలిసేది.

నా పుస్తకం ఇంకా మా అటక మీదే ఉంది. పెన్సిల్ గీతలు 'డి' దాకా ఉన్నాయి. ఎవరికైనా కావలిస్తే వచ్చి పట్టుకెళ్లవచ్చు. 'ఈ' నుంచి 'జెడ్' వరకు కొత్తదే.