నవమి నాటి పడవ

పడవ చుక్కాని పిడిని కుడికి తోస్తే పడవ ఎడమకు తిరుగుతుంది. ఎడమకు తోస్తే కుడికి. ఈ సంగతి తెలుసుకోవడానికి మావారు హుస్సేన్ సాగర్‌లో ఫీజు కట్టి మరీ శిక్షణ తీసుకున్నారు. కావలసిన దిక్కుకు తిప్పాలంటే ఎదురు దిక్కుకు తొయ్యాలన్న ఈ విద్యను నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆయన మీద ప్రయోగించి నేర్చుకున్నాను. ఫీజు కట్టలేదు.

హుస్సేన్ సాగర్‌లో ఉన్న సుఖమేమిటంటే, గాలి ఎటు వీచినా బుద్ధుడి చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి ఒడ్డుకు వచ్చేయొచ్చు. పోటు లేదు, పాటు లేదు, ఉప్పు లేదు. వాసన ఒక్కటే ఉంది. సర్టిఫికెట్ చేతికొచ్చిన మర్నాటి నుంచి మావారికి ఆ చెరువు ఇరుకైపోయింది. "నదిలో తెరచాప ఎత్తి సముద్రంలోకి వెళ్ళాలోయ్. ఇద్దరమే!" అన్నారు. గ్యాస్ బండ మార్చడానికి నన్ను పిలిచే మనిషి ఆయన.

మా పుట్టిల్లు నరసాపురం. ఇప్పుడంటే లేసు అల్లికలకు పేరుగానీ, పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ అక్కడ ఓడలు కట్టించుకునేవారు. ఇది ఎక్కడో చదివిన దగ్గర్నుంచి మావారు "ఓడలు కట్టిన ఊరి అల్లుణ్ణి" అని కనబడినవాళ్ళకల్లా చెప్పుకున్నారు. మా అన్నయ్య మాత్రం బావగారి సర్టిఫికెట్ చూసి, ఒక పెద్దాయనతో పడవ మాట్లాడి, అందులో ఇంజను కూడా ఉండేలా చూశాడు. ఇద్దరమే అనుకున్నది అలా ముగ్గురమయ్యాం.

తిథి దగ్గర పేచీ వచ్చింది. పెద్దాయన మాఘ బహుళ నవమి అన్నాడు. అంతర్వేది తీర్థం జనం సర్దుకుంటారు, నీరు కూడా మెత్తగా ఉంటుందట. మావారి ఫోన్‌లోని పోటుపాట్ల పట్టిక కూడా అదే చెప్పింది. అమావాస్యకూ పున్నానికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి నీటిని లాగుతారు కాబట్టి పోటు ఎక్కువ. అష్టమికి చెరో వైపు లాగడంతో ఒకరి బలాన్ని ఒకరు తగ్గించుకుంటారు. ఆ నెమ్మది నీటిలో కనబడేసరికి నవమో దశమో అవుతుంది. ఇంత శాస్త్రం ఉన్నా, అష్టమి నవములు ప్రయాణానికి పనికిరావని మా అత్తగారి శాస్త్రం. "నవమి నాడు ప్రయాణమేమిట్రా, అదీ నీళ్ళ మీద!" అని ఆవిడ అన్నం మానేసినంత పని చేశారు. చివరికి మా అమ్మకు ఫోన్ చేసి, సప్తమి నాడే మా లైఫ్ జాకెట్లు రెండూ పక్కింటివాళ్ళ అరుగు మీద ప్రస్థానం పెట్టించారు. మేమింకా హైదరాబాద్‌లోనే ఉన్నాం.

నవమి నాడు చీకటితోనే రేవుకు వెళ్ళాం. సఖినేటిపల్లి పంటు ఇంకా కదల్లేదు. నేను నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరే నీళ్ళు కాలువల్లోకి మళ్ళిపోతాయి, ఈ రోజుల్లో కిందికి వచ్చేది తక్కువ. ఆ ఖాళీలోకి పోటుతో పాటు సముద్రం పైకెక్కుతుంది. త్ర్యంబకం దగ్గర పుట్టి 1465 కిలోమీటర్లు వచ్చే గోదావరికి సముద్రం ఇక్కడిదాకా ఎదురొస్తుందన్నమాట. "అయితే మనం ఆల్రెడీ సముద్రంలో ఉన్నట్టే. ఇక ఇంటికి పోదామా?" అన్నాను. మావారు వినిపించుకోలేదు.

తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, పాటు నీళ్ళూ అటే పోతాయి. అందుకని తెరచాప ఎత్తగానే పడవ తనంతట తనే సాగింది. ఆ ఘనత మావారు తీసుకున్నారు. వసిష్ఠ పాయ మీద, అటూ ఇటూ కొబ్బరిచెట్లు చూస్తుండగా, ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో సెల్ఫీ. నడుమ నడుమ నాకు ఆజ్ఞలు. పెద్దాయన అన్నింటికీ "ఆయ్" అంటున్నాడు. ఆయన "ఆయ్" అన్నాడంటే విన్నానని మాత్రమే అర్థం, చేస్తానని కాదు.

అంతర్వేది దాటి, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, అన్నాచెల్లెళ్ళ గట్టుకు వచ్చేసరికి ముందు తెల్లటి గీత కనబడింది. అక్కడ కెరటాలు విరుగుతున్నాయి. పెద్దాయన లంగరు వేసి బీడీ వెలిగించాడు.

"ఎందుకాపావు?"

"నీరు నిలబడాలండి."

"ఎంతసేపు పడుతుంది?"

"నిలబడేదాకానండి."

పాటు నీళ్ళు బయటికి దూకుతుండగా కెరటం లోపలికి వస్తే, రెండూ ఢీకొని కెరటం నిటారుగా లేస్తుంది. ఇసుక మేటల మీద చిన్న పడవకు అది ప్రాణాంతకం. పాటు ఆగి, పోటు మొదలయ్యే సందు కోసం చూడాలి. అప్పుడు కూడా వరసగా వచ్చే పెద్ద కెరటాలను పోనిచ్చి, కాస్త ఊరుకున్నాక కదలాలి. ఇది యూట్యూబ్‌లో లేదు కాబట్టి మావారు వాచీ చూసుకుంటూ కూర్చున్నారు. చివరికి పెద్దాయన బీడీ పారేసి లేచాడు. "బాబుగారూ, తమరు కాసేపు ఇలా కూచోండి" అని చుక్కాని తీసుకున్నాడు. గోదావరి జిల్లాల్లో ఉద్యోగంలోంచి తీసేసినా మర్యాదగానే తీసేస్తారు.

ఇంజను పెట్టి మొగ దాటాం. మూడుసార్లు ఆకాశం, మూడుసార్లు నీళ్ళు కనబడ్డాయి. అంతే. నీటి రంగు మట్టి నుంచి ఆకుపచ్చకు మారింది. పెద్దాయన ఇంజను కట్టేసి, "ఇదేనండి సముద్రం, తెరచాప ఎత్తుకోండి" అన్నాడు.

ఎత్తాం. గాలి లేదు. నేలగాలి ఆగిపోయి సముద్రపు గాలి ఇంకా మొదలవ్వని వేళ అది. తెరచాప ఆరేసిన దుప్పటై వేలాడింది. పడవ ముందుకు పోదు, ఊగుతుంది, ఊగుతూనే ఉంటుంది. కడుపులో తిప్పినప్పుడు దూరంగా దిగంతం వైపు చూడాలని మావారే నాకు పాఠం చెప్పి ఉన్నారు. ఆయన దిగంతం చూడలేదు. పడవ అంచు మీంచి కిందికి చూశారు, చాలాసేపు. నేను వీపు నిమురుతూ రెండో చేత్తో పులిహోర తిన్నాను. పెద్దాయనకూ పెట్టాను. ఇంగువ ఘాటుగా పడిందన్నాడు.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. వెనక గాలి, కింద పోటు. పడవ నరసాపురం దాకా ఆగలేదు. రేవు కనబడగానే మావారికి ప్రాణం లేచొచ్చి చుక్కాని అడిగారు. పెద్దాయన "ఆయ్" అన్నాడు. ఇవ్వలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు మాఘ ఫాల్గుణాల్లోనే వెళ్ళండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరపడవలు గట్టునే ఉంటాయి. ఆ తరవాత వరదలు. లైఫ్ జాకెట్ విప్పకండి, మొగ దగ్గర పెద్దాయన కూచోమంటే కూచోండి. తిథి మాత్రం ఇంట్లో చెప్పకండి.