ఇంజను మేస్త్రీ

విజయవాడ ఆటోనగర్‌లో ఇంజను మేస్త్రీ దగ్గరికి లారీ తీసుకెళ్తే ఆయన ముందు బండి వంక చూడడు, డ్రైవర్ వంక చూస్తాడు. "దీని మీద ఎవడు చెయ్యి పెట్టాడు?" అంటాడు. జబ్బు సంగతి తర్వాత, ముందు పాత డాక్టర్ దొరకాలి. డ్రైవర్ నసుగుతూ సూర్యాపేటలో ఫలానా షాపు అంటాడు. "అదీ కథ" అని మేస్త్రీ తృప్తిగా బీడీ ముట్టిస్తాడు. ఆ సూర్యాపేటవాడు ఈయన దగ్గరే పని నేర్చుకుని వెళ్లాడన్నది ఇక్కడ అనవసరమైన విషయం.

తర్వాత ఇంజను స్టార్ట్ చేయిస్తాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బ్లాకుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. తెల్లపొగ వచ్చి, ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు లేకపోతే టైమింగ్ లేటు. డీజిల్ తొందరపడి పడుతుంటే లోపల టంగుటంగుమని కొడుతుంది. ఇంతవరకూ ఆయన చెవికి దండం పెట్టాల్సిందే. అక్కడితో ఊరుకోడు కదా! "పంపు షాపువాడు నాశనం చేశాడు" అంటాడు. పక్క రోడ్డులో ఆ పంపు షాపువాణ్ని అడగండి: "నా పంపు బంగారం, కూర్చోబెట్టడం చేతకాలేదు మీ మేస్త్రీకి." సాయంత్రం ఇద్దరూ ఒకే బడ్డీ దగ్గర టీ తాగుతారు. ఇద్దరికీ డబ్బులిచ్చేది ఓనరు.

పాత ఆరు సిలిండర్ల టాటాకి పంపు టైమింగ్ పెట్టేటప్పుడు మాత్రం ఆయన్ని చూసి తీరాలి. పంపు మీద ఒకటో సిలిండర్ డెలివరీ వాల్వు తీసి, అక్కడ మెడ వంచిన సన్న గొట్టం బిగిస్తాడు. హెల్పర్ ఫ్లైవీల్‌ని మెల్లగా తిప్పుతుంటే గొట్టంలోంచి డీజిల్ ధారగా కారుతుంది. "ఆగు... ఇంకొంచెం... ఒరేయ్, ఇంకొంచెం అంటే అంతా?" మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. ధార చుక్కలైన చోట ఫ్లైవీల్ గుర్తు సరిగ్గా నిలబడాలి. లేకపోతే పంపు బోల్టులు వదులు చేసి ఇటో అటో వెంట్రుకవాసి జరపాలి. ఆ నిమిషంలో ఎవరూ మాట్లాడకూడదు. డీజిల్ చుక్కకి చెవులున్నాయని ఆయన నమ్మకం కాబోలు.

టాపెట్లకి వచ్చేసరికి 1-5-3-6-2-4 అని సిలిండర్లు మండే వరస గొణుగుతూ ఉంటాడు. ఆరోదాని వాల్వులు ఊగుతుంటే ఒకటోదానివి సరిచేయాలి. గేజ్ రేకు రాకర్ కింద అంటీఅంటనట్టు జారాలి. ఫోన్ మోగినా ఎత్తడు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బళ్లలో డీజిల్ ఎప్పుడు చిమ్మాలో కంప్యూటరే లెక్కగడుతుంది. ల్యాప్‌టాప్ తెచ్చే కుర్రాళ్లంటే మేస్త్రీకి చులకన. "వాడు తప్పు చూపిస్తాడు, తప్పు చేసినవాణ్ని చూపించలేడు" అంటాడు.

మొన్నొక పాత బండికి టైమింగ్ కేసు విప్పించాడు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి, వాటి గేర్ల మీది చుక్కలు ఎదురెదురుగా కలవాలి. ఒక పన్ను తప్పి ఉంది. "చూశారా! పన్ను లెక్క తెలియనివాడు పానా పట్టకూడదండీ" అని ఓనరుకి చూపించాడు. కేసు తుడుస్తున్న హెల్పర్ మెల్లగా అన్నాడు: "మేస్త్రీ, లోపల పసుపు పెయింటు గుర్తుంది. మనదే."

మేస్త్రీ వంగి చూశాడు. చేతులు వేస్టుతో నిదానంగా తుడుచుకున్నాడు.

"సరే, పోయి పంపు షాపువాణ్ని పిలుచుకురా."