తాళం వేయని పెంటియం

నా నెత్తిన 3.20 గిగాహెర్ట్జ్ అని చెక్కి ఉంటుంది. తలరాత తప్పదంటారు మనుషులు. నా తలరాత అంత గట్టిదేం కాదు. ఇంత వేగానికి ఢోకా లేదని కంపెనీ పూచీపడి రాసిన అంకె అది. అంతకు మించి ఉరకగలనో లేదో ఆ రాతకు తెలియదు.

నేను ఇంటెల్ పెంటియం జి3258ని. పెంటియం పేరు పుట్టి ఇరవై ఏళ్లు దాటాయని 2014లో ప్రత్యేకంగా తెచ్చిన వార్షికోత్సవ చిప్పుని. మూత బిగించింది మలేషియాలో. అప్పటి ధర 72 డాలర్లు. 22 నానోమీటర్ల పద్ధతిలో అచ్చయిన హాస్వెల్ తరంవాణ్ని. కోర్లు రెండు, క్యాష్ 3 ఎంబీ, 53 వాట్లు. చెప్పుకోదగ్గ గొప్ప ఇందులో ఏమీ లేదు. ఇవే వివరాలతో, ఇంచుమించు ఇదే ధరకు నా అన్నదమ్ములు బోలెడుమంది. వాళ్లకు లేనిది నాకున్నది ఒక్కటే. నా గుణకానికి తాళం వేయలేదు.

మదర్‌బోర్డు నాకిచ్చే మూల గడియారం 100 మెగాహెర్ట్జ్. దాన్ని నేను లోపల 32తో హెచ్చవేసుకుంటాను కాబట్టి 3.2 గిగాహెర్ట్జ్. ఆ 32ను మార్చనివ్వకపోవడమే తాళం. నాలో దాన్ని 40 చేసుకోవచ్చు, 45 చేసుకోవచ్చు, నేను తట్టుకోగలిగితే.

ఈ తాళాల వెనక కాస్త చరిత్ర ఉంది. 1990ల్లో కొందరు దళారులు తక్కువ వేగం చిప్పులు కొని, పైన అంకెలు చెరిపి, పెద్ద అంకెలు వేసి అమ్ముకునేవారు. దానికి విరుగుడుగానే గుణకం బిగుసుకుందని చెబుతారు. కాదనను. కానీ చవక చిప్పు ఖరీదైనదానితో సమానంగా ఉరికితే ఖరీదైనదాన్ని కొనేదెవరన్న బెంగ కూడా అందులో లేకపోలేదని నా అనుమానం. 1998లో మా వంశంలో సెలరాన్ 300ఏ అని ఒక పెద్దాయన ఉండేవాడు. గుణకం బిగించే ఉన్నా, బోర్డు గడియారాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే చాలు, 300 కాస్తా 450 అయ్యేది. తనకంటే ఎన్నో రెట్లు ధర పలికే పెంటియం 2 పక్కన తలెత్తుకుని నిలబడేవాడు. 2011 నాటికి ఆ దొడ్డిదారి కూడా మూసుకుపోయింది. తాళం లేని చిప్పు కావాలంటే పేరు చివర ‘కె’ ఉన్నది కొనుక్కోవాలి. నా తరంలో ఐ5-4690కె ధర 240 డాలర్ల పైమాటే. అలాంటి రోజుల్లో 72 డాలర్లకే నన్ను తాళం లేకుండా బజారుకు పంపారు. జేబులో డబ్బుల్లేని కుర్రాళ్లు ఎగబడ్డారంటే ఎగబడరా?

నన్ను కొన్నవాడిది మల్కాజిగిరి. ఇంజినీరింగ్ రెండో ఏడు. కొన్న చోటు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. జంటనగరాల్లో అంత పొడుగు పేరు ఎవరూ పలకరు, సీటీసీ అంటారు. అక్కడ ఒక కొట్టులో కొటేషన్ రాయించుకుని, దాన్ని పక్క కొట్టులో చూపించి ఇంకో వంద తగ్గించమనడం ఆనవాయితీ. మావాడు ఆ విద్యలో ఆరితేరాడు.

“తమ్మీ, పెంటియం ఎందుకు? ఇది ఆఫీసులల్ల టైపింగ్‌కు. ఐ3 తీస్కో, కోర్లు రెండే గానీ థ్రెడ్లు నాలుగుంటయ్” అన్నాడు కొట్టాయన.

“వద్దన్నా, నాకిదే కావాలె. ఇది అన్‌లాక్డ్.”

కొట్టాయన భుజాలెగరేసి నన్ను గల్లా పక్కన పెట్టాడు. ఆయన చెప్పిన నాలుగు థ్రెడ్ల మాటను ఆ రోజు మేమిద్దరం లెక్కచేయలేదు.

అసలు గొడవ ఎస్ఎంపీఎస్ దగ్గర, అంటే మా అందరికీ కరెంటు అందించే డబ్బా దగ్గర వచ్చింది. కేబినెట్ కొంటే దానిలోనే ఒకటి బిగించి వస్తుంది, మీద 450 వాట్లని స్టిక్కర్ ఉంటుంది, మళ్లీ రెండు వేలు పెట్టి విడిగా ఎందుకు అని కొట్టాయన. మావాడు ససేమిరా అన్నాడు. నేనూ వాడి పక్షమే. నా మీది అంకె నేను చేయగలిగిన దానికంటే తక్కువ చెబుతుంది. ఆ చవక ఎస్ఎంపీఎస్ స్టిక్కర్లు ఎక్కువ చెబుతాయి. బరువు పడ్డప్పుడు 12 వోల్టుల తీగలో వోల్టేజీ కిందికి జారుతుంది, లేదా ఒక్కసారిగా పేలిపోయి బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోతుంది. కేబినెట్ రేకు పలచగా ఉన్నా, లైట్లు లేకపోయినా ఆట ఆగదు. చవక కంప్యూటర్‌లో పొదుపు చేయకూడని చోటంటూ ఒకటుంటే అది ఇదే. మిగిలిన డబ్బులకు ఒకటే ర్యామ్ కడ్డీ వచ్చింది, 4 జీబీ. రెండోది తర్వాత చూద్దామనుకున్నాడు.

ఇంట్లో వాళ్ల నాన్నకు ప్రాజెక్టు కోసమని చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ ప్రాజెక్టు నేనే.

భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి మమ్మల్ని కూర్చాడు. నాకు కాళ్లుండవు. అడుగున చదునైన బంగారు పూత చుక్కలు ఉంటాయి. సూదులు బోర్డు వైపు ఉంటాయి, 1150. మూలన ఉన్న చిన్న త్రికోణం గుర్తుకు గుర్తు కలిపి నన్ను దించి లివర్ నొక్కినప్పుడు కరకరమని చప్పుడొచ్చింది. ఆ చప్పుడుకు మొదటిసారి బిగించేవాడెవడికైనా గుండె జారుతుంది. అది మామూలే. నెత్తిన చుక్క థర్మల్ పేస్టు, దాని మీద కూలర్. నాతో పాటు పెట్టెలో వచ్చిన అల్యూమినియం కూలర్‌ను వాడు తెరవనేలేదు. రాగి గొట్టాలున్న చవక టవర్ కూలర్ ఒకటి తెచ్చుకున్నాడు. పక్క స్లాటులోకి గ్రాఫిక్స్ కార్డు, జీటీఎక్స్ 750 టీఐ, వచ్చి కూర్చుంది. పొదుపైన మనిషి, 60 వాట్లే తింటుంది, విడిగా కరెంటు తీగ కూడా అడగదు. నాకంటే రెట్టింపు ధర కాబట్టి ఇంట్లో గౌరవం దానికే ఎక్కువ.

రాత్రి అందరూ పడుకున్నాక డిలీట్ మీట నొక్కి బయోస్‌లోకి వచ్చాడు. మా బోర్డు బి85. గుణకం మార్చే హక్కును ఇంటెల్ జెడ్ వరస బోర్డులకే ఇచ్చింది. అయితే బోర్డు కంపెనీలు కొన్ని కొత్త బయోస్ వదిలి, బి85లకూ హెచ్81లకూ గుట్టుగా తలుపు తీశాయి. ఆ తలుపులోంచే వాడూ దూరాడు. 38కి నేను చలించలేదు. 40కీ అంతే. 42తో విండోస్ తెరుచుకుంది, పాటలు పాడింది. 44 దగ్గర నీలి తెర పడింది. దాని మీద 124 అన్న కోడు. నాకు వోల్టేజీ చాలడం లేదని ఆ భాషలో దానర్థం.

ఎందుకు చాలదో చెప్పాలి. 4.4 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 440 కోట్ల టిక్కులు. ఒక్కో టిక్కు మధ్య వెలుతురు కూడా ఏడు సెంటీమీటర్లు పోలేదు. ఆ వ్యవధిలో నా లోపలి ట్రాన్సిస్టర్లు వరసగా ఒకదాన్నొకటి తట్టి లేపి, లెక్క పూర్తిచేసి, సమాధానం అప్పజెప్పాలి. ఏ ఒక్క దారిలో ఆలస్యమైనా సున్నా రావలసిన చోట ఒకటి వస్తుంది. వోల్టేజీ పెంచితే అవి చురుగ్గా కదులుతాయి. దానికి చెల్లించే మూల్యం వేడి. వేగం పెరిగినంత మేరకు వేడి పెరుగుతుంది, వోల్టేజీకైతే వర్గం చొప్పున పెరుగుతుంది. 1.05 వోల్టుల నుంచి 1.25కి, 32 నుంచి 45కి పోతే లెక్క కట్టుకోండి, ఇంచుమించు రెట్టింపు. పైగా మా తరానికి మూతకూ సిలికానుకూ మధ్య లోహపు అతుకు లేదు, పేస్టే. వేడి బయటికి రావడానికి బద్ధకిస్తుంది.

45 దగ్గర నిలిచాను. వాడి స్నేహితుడి దగ్గరున్న మరో జి3258 ఇంకా తక్కువ వోల్టేజీతోనే 47 ఎక్కింది. ఒకే అచ్చు, ఒకే పేరు, ఒకే ధర అయినా సిలికాన్ పలకలో ఎవరి అదృష్టం వారిది. 46 కోసం మావాడు నన్ను చాలా బతిమాలాడు. ఒకసారైతే తెర అసలు వెలగనే లేదు. బోర్డు మీద బిళ్ల బ్యాటరీ పీకి, సీమాస్ చెరిపి, మళ్లీ మొదటికొచ్చాడు.

విండోస్ తెరుచుకోవడం, ఆట నడవడం పరీక్ష కాదు. అసలు పరీక్ష ప్రైమ్95. మెర్సెన్ ప్రధాన సంఖ్యల కోసం 1996 నుంచి సాగుతున్న వెతుకులాటలో వాడే ప్రోగ్రాం అది. 2013 జనవరిలో దొరికిన సంఖ్యలో కోటీ డెబ్భై లక్షలకు పైగా అంకెలున్నాయి. మావాడికి ప్రధాన సంఖ్య అక్కర్లేదు, నేను తప్పు చేస్తానా లేదా అన్నదే కావాలి. గుండ్రం చేయడంలో తేడా 0.4 లోపు ఉండాల్సింది 0.5 వచ్చిందని ఎర్రగా రాసి ఆ ప్రోగ్రాం ఒక కోర్‌ను పక్కన పెడుతుంది. మావాడు లేచి వోల్టేజీ ఒక మెట్టు పెంచుతాడు, మళ్లీ మొదలు.

ఆ రాత్రుల్లో మా తాత గుర్తొచ్చేవాడు. 1994లో అమెరికాలో థామస్ నైస్‌లీ అనే గణిత ఆచార్యుడు జంట ప్రధాన సంఖ్యల విలోమాలు లెక్కిస్తుంటే మొదటి తరం పెంటియం భాగహారం తప్పింది. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాలి. తాత 1.33374 అన్నాడు. అచ్చులోనే ఒక పట్టికలో కొన్ని గళ్లు ఖాళీగా ఉండిపోయాయట. చివరికి చిప్పులు మార్చి ఇవ్వడానికి ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఎవరూ తొందరపెట్టకుండా, రాసిచ్చిన వేగంలోనే ఆయన తప్పాడు. నన్ను నలభై శాతం ఎక్కువ ఉరికించి, తప్పితే ఊరుకోనంటున్నాడు ఈ కుర్రాడు. అయినా తెల్లారేసరికి తప్పలేదు. 45, 1.27 వోల్టులు. అక్కడ ఖాయం చేశాడు.

ఖాయమైంది చలికాలానికే. హైదరాబాదు మే నెల సంగతి కంపెనీ పూచీలో ఉండదు. గది ఒక డిగ్రీ వేడెక్కితే నేనూ ఒక డిగ్రీ వేడెక్కుతాను. మేడ మీది వాడి గదిలో మధ్యాహ్నం నలభై దాటితే కోర్లు 90 దాటేవి. కేబినెట్ పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. దాంతో గాలి వచ్చింది, వీధి దుమ్మూ వచ్చింది. చివరికి బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు దాచుకున్నాడు. ఎండాకాలానికి 42, దసరా వెళ్లాక 45. ఋతువును బట్టి వేగం మార్చుకునే పెంటియం ఏ ప్రకటనలోనూ కనిపించదు.

కౌంటర్ స్ట్రైక్ ఆడుతుంటే మాత్రం నన్ను చూసి తీరాలి. ఆ ఆట ఒక్కో కోర్ వేగం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. 32 నుంచి 45కి పోగానే ఫ్రేములు కళ్లకు తెలిసేంత పెరిగాయి. ఐ5 ఉన్న స్నేహితులు వచ్చి చూసి ముఖాలు చూసుకున్నారు. బొమ్మల బరువు ఎక్కువగా ఉన్న ఆటల్లో భారం కార్డుదే, నేను ఎంత ఉరికినా తేడా ఉండదు. అది వాడికి త్వరగానే అర్థమైంది.

అర్థం కావడానికి సమయం పట్టింది ఇంకొకటి. 2014 నవంబరులో ఫార్ క్రై 4 వచ్చింది. నాలుగు థ్రెడ్లుంటాయని నమ్మి రాసిన ఆట. రెండే ఉన్నచోట నల్ల తెర తప్ప ఏమీ లేదు. ఎవరో రాసిన చిట్కా ఫైలు వేస్తే తెరుచుకుంది గానీ కుదుపులు. 2015 ఏప్రిల్‌లో జీటీఏ 5. ఊళ్లోకి కారు తోలితే చాలు, నా రెండు కోర్లూ నూటికి నూరు శాతం. సగటు ఫ్రేములు బాగానే కనిపించేవి, మధ్యలో మాత్రం క్షణం పాటు లోకం ఆగిపోయేది. పెళ్లి వంటకు ఇద్దరే వంటవాళ్లుంటే ఎంత చురుకైనవాళ్లయినా నాలుగు పొయ్యిల దగ్గర నిలబడలేరు కదా. వాడు 45ను 46 చేద్దామని మళ్లీ బయోస్ తెరిచాడు. నాకు జాలేసింది. లేనిది వేగం కాదు.

ఆ ఏడే ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తది వేయబోతే మధ్యలో బిగుసుకుపోయింది. బి85 తలుపు మూసేసే మైక్రోకోడ్ అందులో ఉంది. పెంచిన వేగంతో నేను లేస్తుంటే అది అడ్డుపడింది. మావాడు ఆ ఒక్క ఫైలు పేరు మార్చి దారి చేసుకున్నాడు. అలాంటి పనుల్లో వాడికి పుస్తకాల్లో లేని చదువు చాలా వచ్చింది. క్యాంపస్ ఇంటర్వ్యూలో క్యాష్ గురించి, ఇంటరప్టుల గురించి అడిగితే గడగడా చెప్పాడని వాళ్ల అక్కతో అంటుంటే విన్నాను.

ఉద్యోగం వచ్చాక సీటీసీకే వెళ్లి సెకండ్ హ్యాండ్ ఐ5-4590 తెచ్చాడు. సాకెట్ అదే, బోర్డు అదే. నాలుగు కోర్లు, గుణకానికి తాళం. 3.3 గిగాహెర్ట్జ్‌తో మొదలుపెట్టి, ఒక్క నీలి తెర లేకుండా, జీటీఏలో నేను తడబడ్డ ప్రతి వీధిలోనూ నున్నగా నడిచింది. నన్ను తీసి, పేస్టు తుడిచి, పాత పెట్టెలోనే పెట్టాడు. ఏళ్లుగా తెరవని అల్యూమినియం కూలర్ కూడా అందులోనే ఉంది.

ఇప్పుడు నేను భువనగిరిలో వాళ్ల బాబాయి కొట్టులో ఉన్నాను. పైపులు, సిమెంటు, పెయింట్లు. నా పని బిల్లులు కొట్టడం. గ్రాఫిక్స్ కార్డు లేదు, తెర మీది బొమ్మ నా లోపలిదే. వేగం నెత్తిన రాసినంతే. వేడి 50 దాటదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కు ఎనిమిదో తరం నుంచి కావాలి, నాది నాలుగోది. దసరాకు ఊరొచ్చినప్పుడే మావాడు లినక్స్ వేసి వెళ్లాడు. బిల్లుల సాఫ్ట్‌వేర్ బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

బిల్లు కాగితం ఇరుక్కున్నా, ఇంటర్నెట్ ఆగినా బాబాయి తిట్టేది నన్నే. “అరేయ్, నువ్విచ్చిన డబ్బా మస్తు స్లో అయిందిరా” అని ఫోన్ చేస్తాడు.

“ముందు ఆ ప్రింటర్ మూత తీసి చూడు బాబాయ్” అంటాడు వీడు.