రాతికి అంటిన కాపురం

కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకితే దోషం పోతుందని నిచ్చెనెక్కి మరీ తాకుతారు మీరు. ఇంటి గోడ మీది బల్లి భుజాన పడితే మాత్రం పంచాంగం తిరగేస్తారు. ప్రాణమున్న బంగారు బల్లిని నేను. తిరుమల కొండల్లో ఓ రాతి గుహలో ఉంటాను. పేరు చూసి మోసపోకండి. ఆడదాన్ని, ఒళ్ళంతా మట్టి రంగే. పసిమి మా మగవాళ్ళది. జతకట్టే రోజుల్లో పసుపు పూసుకున్న పెళ్ళికొడుకుల్లా మెరుస్తారు, పైగా గుహ దద్దరిల్లే అరుపులు!

మద్రాసు అటవీ శాఖలో పనిచేసిన బెడోం దొర 1870లో మా గురించి లోకానికి చెప్పాడు. తర్వాత వందేళ్ళ పైచిలుకు మా ఊసే లేదు. 1980ల్లో మళ్ళీ కనుగొన్నారట. మేం ఎక్కడికి పోయామని?

పోవడానికి వేరే చోటు ఉండాలి కదా. బయట బండలు కాలుతున్నా ఈ నెర్రెలో చల్లగా ఉంటుంది. వాగు తడికి పురుగులొస్తాయి. రాత్రిళ్ళు నాలుగు పట్టుకు తిని, కనురెప్పల్లేని కళ్ళను నాలుకతో తుడుచుకుని లోపలికొచ్చేస్తాను.

గుడ్డు పెట్టగానే మెత్తగా, జిగటగా ఉంటుంది. రాతికి ఆనించానంటే కాసేపటికి సున్నంలా గట్టిపడి అతుక్కుపోతుంది. నావి రెండు, పక్కన పిన్నివి రెండు, ఆ పైన ఇంకెవరివో. వాటి మధ్య ఎప్పుడో పిల్లలు వెళ్ళిపోయిన గుడ్ల తెల్లటి గుండ్రటి మచ్చలు. అందులో మా అమ్మమ్మ పెట్టిన మచ్చ ఏదో! ఏళ్ళ తరబడి అందరిదీ ఒకే గోడ.

మొన్న వేసవిలో ఎవరో గుహ మొగలో మూడు రాళ్ళు పెట్టి వండుకున్నారు. పొగంతా లోపలికే. రెండు రాత్రులు పైనున్న చీలికలో నక్కాను. నేను పారిపోగలను, గుడ్లు పారిపోలేవు కదా! దిగొచ్చి చూస్తే వాటి మీద మసి.

1972 నాటి వన్యప్రాణి చట్టంలో మా పేరుంది. 2010లో శేషాచలం కొండల్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. సంతోషమే. కానీ పొయ్యి పెట్టినవాళ్ళు అవేవీ చదివి రాలేదు.

చూడాలనిపిస్తే రండి, కాస్త దూరాన నిలబడి చూడండి. టార్చి కళ్ళల్లో కొట్టకండి. గోడ మీది గుడ్లను గోళ్ళతో గీకకండి. అతుక్కున్న గుడ్డు ఊడిరాదు, పగులుతుంది.