పైసకు నోరొచ్చింది

నోటుకు నోరు లేదు. దాని గొప్పతనమంతా అక్కడే ఉంది. కల్లు దుకాణంలో ఇచ్చిన నోటు ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పదు. మా పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఇన్నేళ్లూ సంసారాలు సాఫీగా సాగాయంటే దాని పుణ్యమే. ఆయన కల్లుకెంత పోసిండో ఆమెకు తెల్వదు, ఆమె బియ్యం డబ్బాలో ఎంత దాచిందో ఆయనకు తెల్వదు.

2016 నవంబర్ 8 రాత్రి ఈ ఒప్పందానికి గండి పడింది. 500, 1000 నోట్లు చెల్లవనేసరికి చలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం మూలకు పడింది. నల్లధనం బయటికొస్తుందన్నారు. మా వాడకట్టులో బయటికొచ్చింది పోపుల డబ్బాల ధనం. "గిన్ని పైసలు ఏడివే?" అని మొగుళ్లు నోళ్లు తెరిచారు. ఆ హడావుడిలోనే సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్ నగదు రహిత గ్రామమైంది, డిసెంబర్ 30న భీమ్ యాప్ దిగింది. మా ఆడవాళ్లు మాత్రం కొత్త నోట్లకు కొత్త డబ్బాలు వెతుక్కున్నారు.

ఆ తర్వాత బండ్ల మీదికి, ఫోన్‌తో పైసలు పడగానే మాట్లాడే డబ్బాలొచ్చాయి. 2024లో ఫోన్‌పే వాళ్లు వాటికి మహేశ్‌బాబు గొంతు కూడా పెట్టారు. నూనె వస్తువు ముట్టనని ఒట్టేసిన మా మామ మహబూబ్‌నగర్ క్లాక్‌టవర్ దగ్గర మిర్చి బజ్జీలు తిని, అటూ ఇటూ చూసి, స్కాన్ చేశాడు. "అరవై రూపాయలు అందాయి" అని డబ్బా గట్టిగా చెప్పింది. ఎదురుగా పూలు బేరమాడుతున్న అత్త గిరుక్కున తిరిగింది, మహేశ్‌బాబు ఎక్కడున్నాడా అని. కనబడింది మామ.

నగదు రహితమంటే నెట్‌వర్కు, మిషన్లు, చదువు అని పెద్దలు లెక్కలు వేస్తారు. దాచుకునే చోటు గురించి ఎవరూ అడగరు. అది తెలియాలంటే మా పెద్దవ్వను అడగాలి.

ఆసరా పింఛన్లు మొదలైంది కూడా నవంబర్ 8నే, 2014లో, అప్పటి మా పాలమూరు జిల్లా కొత్తూరులో. 2019 నుంచి 2,016 రూపాయలు. కలుపు తీసి తీసి గీతలరిగిన పెద్దవ్వ వేలిని పింఛనిచ్చే చోట వేలిముద్రల మిషన్ ఓ పట్టాన గుర్తుపట్టదు. కడిగి, కొంగుకు తుడిచి, మళ్లీ పెడుతుంది.

"గీ తిప్పలెందుకు పెద్దవ్వా, బ్యాంకుల ఏపిచ్చుకో, ఫోన్ల మెసేజొస్తది" అన్నాను.

"ఫోన్ల పడితే టింగుమంటది బిడ్డా. టింగుమంటె నా కొడుకొస్తడు."

"మరి ఇప్పుడు అడగడా?"

"అడుగుతడు. ఈ నెల మిషన్ల ఏలు పడలేదంట."

అప్పు అడిగినవాడికి "సర్వర్ డౌనున్నదన్నా" అని చెప్పి బతికిపోయేవాళ్లు కూడా ఆమె శిష్యులే. ఆ సర్వర్ పేరిట ఎవరైనా గుడి కడితే మొదటి చందా మా పెద్దవ్వదే. నోట్ల కట్టే ఇస్తుంది, రసీదు మాత్రం వద్దంటుంది.