పెళ్లి లెహంగాకు కత్తెర పెట్టండి

పెళ్లి బట్టకు కత్తెర తగలకూడదంటారు. నేను తగిలించమంటాను. అదీ పెళ్లయిన మొదటి ఏడాదిలోనే, దాని మీద మమకారం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే. మమకారం తగ్గాక కురచ చేయిద్దామనుకుంటే అప్పటికి ఆ పని చేయించే ఉత్సాహం కూడా తగ్గిపోయి ఉంటుంది.

రిసెప్షన్ లెహంగా ఎందుకు కుడతారో చూడండి. ఎత్తు మడమల చెప్పులు వేసుకుని, స్టేజీ మీద నిలబడి, ఫొటోలు దిగడానికి. నేలను తాకేలా 42 ఇంచీలకు అటూ ఇటూ పొడవు, లోపల క్యాన్‌క్యాన్, అంచున బరువైన మగ్గం వర్క్. దాంతో మెట్లెక్కాలంటే ఒకరు పట్టుకోవాలి. భోజనాల బల్ల దగ్గర కూర్చోవాలంటే ఇంకొకరు సర్దాలి. బతుకమ్మ చుట్టూ వంగి లేచి చప్పట్లు కొడుతూ తిరగాలంటే రెండో అడుగుకే కాలికింద పడుతుంది. అదే లెహంగా చీలమండల పైకి, అంటే 36 ఇంచీలకు వచ్చిందంటే చెల్లి మెహందీకి, స్నేహితురాలి సంగీత్‌కి, దసరాకి, దేనికైనా వేసుకోవచ్చు. జీవితంలో ఒకే సాయంత్రం కోసం అంత డబ్బు, అంతమంది చేతిపని బీరువాలో పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. మగ్గం ముందు రోజుల తరబడి వంగి కూర్చుని పూసలు గుచ్చినవాళ్ల పనిని నలుగురూ మళ్లీ మళ్లీ చూడాలి.

“కూతురికి దాచిపెట్టు” అనే సలహా మీకు తప్పకుండా వస్తుంది. వినకండి. మడత మీద మడత అలాగే ఉంటే జరీ ఆ గీత దగ్గరే విరుగుతుంది. అసలు వెండి జరీ అయితే గాలికి నల్లబడుతుంది. జిగురుతో అంటించిన రాళ్లు ఒక్కొక్కటే రాలతాయి. పుట్టబోయే పిల్ల ఎత్తెంతో, ఆమెకు ఏ రంగు నచ్చుతుందో ఇప్పుడెవరు చెప్పగలరు?

రెండో సలహా ఇంకా మర్యాదగా వస్తుంది: “కత్తిరించొద్దులే, లోపలికి మడిచి కుట్టించు, కావాలంటే మళ్లీ విప్పుకోవచ్చు.” పిల్లల పట్టు పరికిణీలకు మన అమ్మలు అలాగే మడత పెట్టించేవారు, ఏటా కొంచెం వదులుతూ మూడు నాలుగు పండుగలు లాగేవారు. అది ఎదిగే పిల్లలకు చేసే ఏర్పాటు. పెళ్లికూతురు ఇక ఎదగదు. బరువైన గుడ్డను 6 ఇంచీలు లోపలికి మడిస్తే చుట్టూ లావుపాటి గీత కనిపిస్తుంది, నడుము మీద బరువు అలాగే ఉంటుంది, వర్క్ ఉన్నచోట లైనింగ్‌ని రాపాడి చింపుతుంది. మళ్లీ పొడుగు చేసుకునే దారి ఉంచుకుంటే ఆ లెహంగా అటూ ఇటూ కాకుండా పోతుంది. దారి మూసేయండి.

ఇక కత్తెర ఎక్కడ పెట్టాలన్నది. టైలర్ మాస్టర్ చెయ్యి అంచు వైపే పోతుంది, ఎందుకంటే అది ఆయనకు తేలిక. ఒప్పుకోకండి. అంచే లెహంగాకు ప్రాణం. నడుము దగ్గర బెల్టు, జిప్పు విప్పించి పైనుంచే తీయించండి. కుచ్చిళ్ల లంగా అయితే పైన ఎంత తీసినా చుట్టుకొలత మారదు, మళ్లీ కుచ్చులు పోస్తే అయిపోయింది. కలీల లెహంగా అయితే ప్రతి కలీ పక్క కుట్టునూ కొంచెం కొంచెం లోపలికి తీసుకోవాలి. చిక్కంతా అంబ్రెల్లా కట్‌తోనే. అది పూర్తి గుండ్రం కాబట్టి పైన ఒక్క ఇంచీ తీస్తే నడుము చుట్టుకొలత 6 ఇంచీల పైన పెరుగుతుంది. 6 ఇంచీలు తీస్తే 28 ఇంచీల నడుము 66 దగ్గరికి పోతుంది. ఈ లెక్క చూపించి “కుదరదమ్మా, కిందే తీద్దాం” అంటారు. కుదురుతుంది. ఆ అదనమంతా కుచ్చులుగా పోయించండి. తుంటి దగ్గర కాస్త ఉబ్బుతుంది, నడక మారుతుంది. నాకు ఆ ఉబ్బే ఇష్టం. పాత పట్టు పరికిణీల నిండుదనం అందులో ఉంటుంది.

పైభాగంలో కూడా బుటీలు ఉంటే తొందరపడకండి. మగ్గం సూదితో వేసే గొలుసు కుట్టు ఒకే దారంతో సాగుతుంది. మధ్యలో తెగి, కొస దొరికిందంటే సర్రున ఊడిపోతుంది. కత్తిరించే గీతకు కింద వెనకవైపు నుంచి దారాలు ముడులు వేయించాకే కత్తెర. మిషన్ పోయే దారిలోని పూసలు, రాళ్లు చేత్తో తీసేయాలి, లేకపోతే సూది విరుగుతుంది. పట్టు మీద మైనపు చాక్‌తో గీతలు గీయనివ్వకండి, ఇస్త్రీ తగిలితే మరక దిగిపోతుంది. దారంతో టాకాలు వేయమనండి. లైనింగ్, క్యాన్‌క్యాన్ కూడా తగ్గించాలి, క్యాన్‌క్యాన్ పైగుడ్డకన్నా ఒకటిన్నర ఇంచీ కురచగా ఉండాలి. కొలత తీసేటప్పుడు మీరు నిజంగా వేసుకు తిరిగే చదును చెప్పులు తొడుక్కుని నిలబడండి. ఆ ఎత్తు మడమలవి ఇంట్లోనే వదిలేయండి.

మధుపర్కం చీరను మాత్రం ముట్టుకోను, ముట్టుకోమనను. మెడలో తాళి పడినప్పుడు ఒంటి మీదున్న బట్ట అది, దాని దారి వేరు. పట్టుచీర సంగతి అలా కాదు. “పాత జరీ చీరలు కొంటాం” అంటూ వీధిలోకి వచ్చేవాళ్లకు వేసి, వెండి కోసం కాల్చేయించే బదులు, అంచు కిందికి వచ్చేలా కురచ లంగా కుట్టించుకోవడం వెయ్యి రెట్లు మేలు.

ఇంట్లో ముందుగా అడక్కండి. అడిగితే అమ్మ వద్దంటుంది, అత్తగారు మౌనంగా ఉంటారు, మీరు ఆగిపోతారు. కుట్టించి, వేసుకుని, వాళ్ల ముందుకు వెళ్లండి. పైనుంచి తీసిన గుడ్డను టైలర్ దగ్గర వదలకుండా తెచ్చుకోండి. ఇంట్లో చిన్నపిల్ల ఉంటే దానికి జాకెట్టు వస్తుంది.