దివాన్ కింద దూరదర్శన్

రాయ్‌పూర్ తెలుగు ఇళ్లలో దివాన్ మంచం ఎందుకు కొంటారో తెలియనివాళ్లకు చెబుతున్నాను. పడుకోవడానికి కాదు, కూర్చోవడానికీ కాదు. వీడియో క్యాసెట్లు దాచుకోవడానికి. పైన పరుపు, పరుపు మీద మంచి దుప్పటి, దుప్పటి మీద పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనుషులు. కింద చెక్కపెట్టెలో 1980ల నాటి దూరదర్శన్ మొత్తం పడుకుని ఉంటుంది. వాటిని ఆడించే వీసీఆర్ ఇంట్లో ఉండదు. ఉన్నా తిరగదు. తిరిగినా దాని వైర్లు గుచ్చుకోవడానికి ఇప్పటి టీవీ వెనక చోటుండదు. అయినా క్యాసెట్లు మాత్రం ఉంటాయి. పారేద్దామన్న మాట ఎత్తి చూడండి, ఇంటి పెద్దాయనకు బీపీ లేస్తుంది.

మా మావయ్య సంగతే తీసుకోండి. డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో సర్వీసంతా గడిపి, రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులో వ్యాగన్లు బాగుచేసి రిటైరైన మనిషి. క్వార్టరు ఖాళీ చేసిన రోజున లారీలో మొదట ఎక్కినవి క్యాసెట్ల పెట్టెలు. బీరువా ఆ తర్వాత. అత్తయ్య అందరికన్నా ఆఖరున, పచ్చడి జాడీలు ఒళ్లో పెట్టుకుని.

టీవీ విషయంలో రాయ్‌పూర్‌ను చిన్నచూపు చూడకండి. 1975 ఆగస్టు 1న అమెరికావాళ్ల ఉపగ్రహం ఏటీఎస్-6ను అరువు తెచ్చుకుని మన దేశం ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించింది. సైట్ అని పిలిచారు దాన్ని. ఆ పల్లెల్లో మన ఆంధ్రప్రదేశ్‌వీ ఉన్నాయి, అప్పటి మధ్యప్రదేశ్‌లోని ఈ రాయ్‌పూర్ చుట్టుపక్కలవీ ఉన్నాయి. కోళ్ల గూళ్లకు కొట్టే ఇనప జాలీతో పది అడుగుల గొడుగు చేసి ఆకాశంలోకి తిప్పితే, అంతరిక్షం నుంచి వ్యవసాయం పాఠాలు రాలాయి. సరిగ్గా ఏడాదికి, 1976 జులై 31న, గడువు తీరింది. ఉపగ్రహం ఎవరిదో వాళ్లు పట్టుకెళ్లిపోయారు. కరెంటు ఉండీ, టీవీ ఉండీ బొమ్మ రాని పరిస్థితి ఈ ప్రాంతంవాళ్లు అప్పుడే చూసేశారు. మరుసటేడు, అంటే 1977లో, హైదరాబాద్‌తో పాటు రాయ్‌పూర్‌కూ నేల మీద టవరు వచ్చింది. టీవీ లెక్కన రెండూళ్లూ ఒక ఈడువే. ఒకరికి తెలుగొచ్చింది, ఒకరికి రాలేదు. అంతే తేడా.

ఆ తేడాకే మావయ్య వీసీఆర్ కొన్నాడు.

జాతీయ కార్యక్రమంలో మనవాళ్లకు దక్కిందేమిటి? ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రం. భాషలన్నీ వరస కట్టి తిరిగి తెలుగు వంతు వచ్చేసరికి పిల్లలు ఒక క్లాసు దాటేవాళ్లు. వచ్చిన సినిమా చూస్తే అవార్డు సినిమా. అందులో ఫైటు ఉండదు, డ్యాన్సుండదు, హీరో ఒక కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు బయటికి చూస్తాడు. అయినా రికార్డు చేశాడు మావయ్య, తెలుగు మాట్లాడుతున్నాడు కదా అని. ఇక ‘చిత్రమాల’ ఉండేది. అన్ని భాషల పాటల్లో మనదొకటి. వేలు పాజ్ మీటమీద పెట్టుకుని కాచుక్కూర్చునేవాడు. ఇది తెలుగే అని తేల్చుకునేలోపు పల్లవి అయిపోయేది. ఇప్పటికీ ఆ క్యాసెట్లో ఉన్న తెలుగు పాటల్లో ఒక్కదానికీ పల్లవి లేదు, అన్నీ చరణాలే.

తర్వాత తర్వాత ఊరి చుట్టాలకు పని పురమాయించాడు. హైదరాబాద్ దూరదర్శన్‌లో వచ్చే సీరియళ్లు వాళ్లు రికార్డు చేయడం, విశాఖ నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చే రైల్లో ఎవరో ఒకరి చేత పంపడం. వేసవి సెలవుల్లో ఊరెళ్లొచ్చే ప్రతివాడి సంచీలోనూ ఆవకాయ ఒకటి, క్యాసెట్ ఒకటి. రెండిట్లో ఒకటి కారేది, రెండోది దాన్ని పీల్చుకునేది. ‘ఋతురాగాలు’ మొత్తం చూశానని మావయ్య చెబుతాడు గానీ, ఆయన చూసింది చుట్టాలకు కరెంటున్న రోజుల ఋతురాగాలు. కరెంటు పోయిన రోజున ఎవరికేమైందో ఇప్పటికీ ఆయనకు తెలియదు.

క్యాసెట్ వీపున ఎడమ పక్కన చిన్న ప్లాస్టిక్ పలక ఒకటుంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో విరిచేస్తే ఇక దాని మీద రికార్డు కాదు. శాశ్వతం అన్నమాట. ఆ శాశ్వతం ఎన్నాళ్లంటే, ఖాళీ క్యాసెట్ అయిపోయి, ఆ బొక్క మీద సెల్లో టేపు ముక్క అంటించేదాకా. మావయ్య దగ్గరున్న ఒక క్యాసెట్‌కు మూడు పొరల సెల్లో టేపు ఉంది. లేబుల్ మీద ‘పెద్దమ్మాయి పెళ్లి’ కొట్టేసి ‘మహాభారత్’, అది కొట్టేసి ‘వరల్డ్ కప్’, అదీ కొట్టేసి ఎర్రసిరాతో ‘ముఖ్యం, చెరపరాదు’. ఏది ముఖ్యమో రాయలేదు. పెద్దమ్మాయి ఇప్పటికీ పుట్టింటికొచ్చినప్పుడు ఆ లేబుల్ వైపు చూసి అదో రకంగా నవ్వుతుంది. అల్లుడు గారికి ఈ విషయం తెలియదు. ఈ కాలమ్ ఆయన చదవడని నా ధీమా.

మొన్న ఎండాకాలం అత్తయ్య తెగించింది. కబాడీవాణ్ణి పిలిచింది. అతను దివాన్ లేపి చూసి, రెండు క్యాసెట్లు చేత్తో తూచి, ‘ఇందులో లోహమూ లేదు, సరైన ప్లాస్టికూ లేదు అమ్మా, మీరే ఏదైనా ఇస్తే మోసుకుపోతాను’ అన్నాడు. భిలాయి ఉక్కు ఫ్యాక్టరీకి ఇంత దగ్గరలో ఉండి ఇనుము గుర్తుపట్టలేకపోయాడు పాపం. బొమ్మంతా ఇనప తుప్పులోనే కదా ఉన్నది. అరంగుళం వెడల్పు పాలిస్టర్ రిబ్బన్ మీద ఐరన్ ఆక్సైడ్ పొడి పూస్తారు, మూడు గంటల క్యాసెట్లో అది పావు కిలోమీటరు పైనే ఉంటుంది. మావయ్య దివాన్ విప్పి పరిస్తే పట్టాల పక్కనే భిలాయి దాటి దుర్గ్ దాకా పోతుంది.

‘మనం డబ్బిచ్చి మరీ పంపాలా?’ అని మావయ్య గెలిచినవాడిలా అత్తయ్య వైపు చూశాడు. బేరం కుదరలేదు. దివాన్ మూత పడింది.

పోనీ, కాలంతో పాటు మారలేదా అంటే మారాడు. వీసీడీలు వచ్చినప్పుడు కొన్నిటిని వీసీడీల్లోకి ఎక్కించాడు. అవి గీతలు పడ్డాయి. డీవీడీలు వచ్చినప్పుడు వీసీడీలను డీవీడీల్లోకి ఎక్కించాడు, గీతలతో సహా. ఆ తర్వాత హార్డ్ డిస్క్. అది ఒకరోజు టక్‌టక్‌మని చప్పుడు చేసి నోరు మూసుకుంది. మళ్లీ క్యాసెట్లే దిక్కయ్యాయి. జపాన్‌కు చెందిన ఫునాయ్ కంపెనీ 2016 జులైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది, వాటిని అప్పటిదాకా చేస్తూ వచ్చిన ఆఖరివాళ్లు వాళ్లే. అదే ఏడు మార్చిలో సోనీ బీటామ్యాక్స్ క్యాసెట్లు అమ్మడం మానేసింది. ఆ క్యాసెట్లు పెట్టుకునే యంత్రాలు చేయడం 2002లోనే మానేసి, పద్నాలుగేళ్ల పాటు క్యాసెట్లు మాత్రం అమ్మింది. గుర్రం చచ్చాక జీను అమ్మినట్టు. కాబట్టి ఈ జబ్బు ఒక్క డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీది అనుకోవద్దు.

ఇక ఇందులో అసలు విచిత్రం. దాచిపెట్టడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు చెరిపారు, ఏ ఉద్యోగమూ లేకుండా మనవాళ్లు దాచారు. ఇద్దరూ చేసింది పొదుపే. స్టూడియో టేపులు ఖరీదైనవి, దిగుమతి సరుకు. కాబట్టి పాతదాని మీద కొత్తది ఎక్కించేవాళ్లు. మన దూరదర్శన్ తొలినాళ్ల కార్యక్రమాలు చాలా అలాగే పోయాయి. ఆ మాటకొస్తే బీబీసీ అంతటిది కూడా ‘డాక్టర్ హూ’ సీరియల్ పాత ఎపిసోడ్లు బోలెడన్ని చెరిపేసుకుని, ఇప్పుడు ప్రపంచమంతా వెతుక్కుంటోంది. అందులో తొమ్మిది 2013లో నైజీరియాలోని జోస్ అనే ఊళ్లో ఒక టీవీ స్టేషన్ గదిలో దొరికాయని ప్రకటించారు. మావయ్య ఈ వార్త కత్తిరించి దివాన్‌లో పెట్టుకున్నాడు. ఏదో ఒకనాడు దూరదర్శన్‌వాళ్లు శంకర్‌నగర్ కేంద్రం నుంచి కారేసుకుని వచ్చి, రామాయణం క్యాసెట్లు ఇప్పించండి బాబూ అని ఆయన గుమ్మంలో నిలబడతారని ఆశ.

రారు. రామాయణం వాళ్ల దగ్గర భేషుగ్గా ఉంది. 2020 మార్చి 28 నుంచి లాక్‌డౌన్లో మళ్లీ వేశారు, దేశమంతా చూసింది. మావయ్యా చూశాడు, దివాన్ మీద కూర్చుని.

ఆయన గర్వంగా దాచినదేదీ ఎవరికీ అక్కర్లేదు. రామాయణం, మహాభారతం, సినిమాలు, క్రికెట్ మ్యాచ్‌లు, అన్నీ ఇంకెక్కడో మంచి ప్రింటు ఉన్నవే. అక్కర్లేదని పాజ్ నొక్కినవి మాత్రం ఇంకెక్కడా లేవు. మధ్యలో వచ్చిన ప్రకటనలు, రాయ్‌పూర్ కేంద్రం స్థానిక ప్రసారాలు, వరి రైతుకు సూచనలు, ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అన్న ఆ బోర్డు. మహాభారత్ కోసం కాసుకుని కూర్చుని, అదే భారతాన్ని తంబూరా పుచ్చుకుని పండవానీగా చెప్పే ఛత్తీస్‌గఢ్ కళాకారులు తెర మీదికొస్తే ‘ఇది మనది కాదు’ అని ఆపేశాడు మహానుభావుడు. ఆ పండవానీ చెప్పే తీజన్ బాయికి 2019లో పద్మవిభూషణ్ ఇచ్చారని పేపర్లో చదివి, ‘ఈవిడ మన పక్కూరే’ అని పొంగిపోయాడు కూడా.

అమెరికాలో ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అనే ఆవిడ ఉండేవారు. పాజ్ అన్నమాట ఆవిడకు తెలియదు. టీవీ వార్తలను దశాబ్దాల పాటు, 2012లో చనిపోయేదాకా, రాత్రీ పగలూ రికార్డు చేస్తూనే పోయారు. సుమారు 70 వేల క్యాసెట్లు. ఇంట్లోవాళ్లు ఆవిడను ఏమనుకుని ఉంటారో అత్తయ్యనడిగితే చెబుతుంది. పోయాక ఆ సరుకంతా ఇంటర్నెట్ ఆర్కైవ్‌వాళ్లు కళ్లకద్దుకుని తీసుకున్నారు.

కాబట్టి రాయ్‌పూర్, భిలాయి, దుర్గ్ తెలుగు సోదరులకు నా విన్నపం. క్యాసెట్‌కు పెద్ద శత్రువులు రెండు, వేడి, తేమ. మే నెలలో సూర్యుడు ఒకటి ఇస్తాడు, ఆ వేడి తగ్గడానికి మనం పెట్టుకునే కూలర్ రెండోది ఇస్తుంది. ఇంకో నాలుగు ఎండాకాలాలు ఆగితే ఏం చేయాలన్న ప్రశ్నే మిగలదు. దివాన్ తెరవండి. టేపు అంచున తెల్లటి బూజు ఉంటే ఆడించకండి, హెడ్డు పాడవుతుంది, పక్కన పెట్టండి. ‘రామాయణం’, ‘మహాభారత్’, సినిమా పేర్లు రాసి ఉన్నవి మొహమాటపడకుండా పారేయండి, కబాడీవాడికి ఎదురు డబ్బిచ్చయినా సరే. పెళ్లిళ్లు, ఇంట్లోవాళ్ల గొంతులు ఉన్నవి ముందు కంప్యూటర్లోకి ఎక్కించండి. ఆ పని చేసిపెట్టే ఫొటో స్టూడియోలు ఊళ్లో అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి పిల్లల దగ్గర ఉంచండి. ఇక పేరు రాయనివి, కొట్టేసి రాసినవి, సగంలో ఆగిపోయినవి, ‘చెత్త’ అని మీరే రాసిపెట్టినవి ఉంటాయి చూడండి, పారేసే ముందు వాటిని ఆ స్టూడియోలోనైనా మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి ఆడించి చూడండి. మీరు పాజ్ నొక్కడం మరిచిపోయిన రోజు ఏదైనా ఉంటే అది అందులోనే ఉంటుంది.